మావయ్యగారి గ్లాసు, నా క్యామ్‌షాఫ్ట్

పన్నెండేళ్లుగా నేనొక ఇనప కడ్డీ మోస్తున్నాను. తూకం వేస్తే రెండు మూడు కిలోలు ఉంటుందేమో. ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చోవచ్చు. కూర్చున్నాను కూడా. కానీ దాని గురించి ఎవరికీ చెప్పకుండా పన్నెండేళ్లు ఉంటే ఎంత బరువవుతుందో మీకు అర్థం కావాలంటే, మీరూ ఎవరి దగ్గరో ఏదో ఒకటి దాచి ఉండాలి. దాచే ఉంటారు. అందుకే మీకు చెప్పాలనిపించింది.

నా పేరు వద్దు. ఊరు చెబుతాను. ఉండేది ఢిల్లీ, వసంత్ కుంజ్‌లో. పుట్టింది బెజవాడ. మా నాన్నకి ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. బడి అయ్యాక ఆ షాపులో స్టూలు మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నాను. ఈ సంగతి ఎందుకంటే, తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు. ఇనుము ఎక్కడ ఎంత తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చేశాను.

ముందే ఒక మాట. ఇది ఏడుపు కథ కాదు. ఈ పన్నెండేళ్లూ నా జీవితంలో అన్నిటికన్నా సరదాగా గడిచాయి. నన్ను తినేసేది అదే. తప్పు చేసిన మనిషి ఇంత హాయిగా ఉండొచ్చా? ఉండగలిగానంటే నేనెలాంటిదాన్ని?

మావయ్యగారంటే మా ఆయన వాళ్ల నాన్నగారు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేశారు. ముప్పై ఏళ్లు ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండి, రిటైరయ్యాక ఇక్కడ రెండో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. కుర్రతనంలో కొన్న కారొకటి ఆయన వెంటే వచ్చింది. నాలుగు సిలిండర్లు, కార్బురేటరు, గుండ్రటి లైట్లు, పాలమీగడ రంగు. అత్తయ్యగారు దాన్ని 'మీ పెద్దబ్బాయి' అంటారు. మా ఆయన ఒక్కడే కొడుకని మీరు గమనించాలి.

ఆదివారం పొద్దున పెద్దబ్బాయికి పూజ. మావయ్యగారు బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, ఇంజిన్ నెత్తిమీద చదునుగా ఉన్న చోట ఒక స్టీలు గ్లాసు పెట్టేవారు. అందులో అంచు దాకా నీళ్లు. ఇంకొక్క చుక్క పోస్తే పొర్లిపోయేంత. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, కళ్లు మూసుకుని, చెవి ఒగ్గి, కార్బురేటర్ మరని వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు తిప్పేవారు. ఇంజిన్ తిరుగుతూనే ఉండేది, నీళ్లు మాత్రం పళ్లెంలో పోసినట్టు కదలకుండా నిలబడేవి. అప్పుడు కళ్లు తెరిచి ఆ గ్లాసులో నీళ్లు తాగేసేవారు. ఎదురు బ్లాకు సర్దార్జీ నుంచి కూరగాయల బండి అతని దాకా ఆ గ్లాసు చూడటానికి ఆగేవాళ్లు. ఆయన అదో పెద్ద విషయం కానట్టు మొహం పెట్టేవారు. ఆ మొహం కోసమే నేను కాఫీ కప్పు పట్టుకుని బాల్కనీలో నిలబడేదాన్ని.

తర్వాత క్యామ్‌షాఫ్ట్ అరిగింది.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఇంజిన్ లోపల తిరిగే కడ్డీ అది. ఒంటినిండా కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలు. కడ్డీ తిరుగుతుంటే ఒక్కో గుబ్బ ముక్కు ఒక్కో వాల్వుని తెరుస్తుంది. ఎంత ఎత్తున తెరుస్తుంది, ఎంతసేపు తెరిచి ఉంచుతుంది, దాన్నిబట్టే ఇంజిన్ ఊపిరి. మా కారులో ఒక గుబ్బకి ముక్కు అరిగిపోయింది. మూడో సిలిండరు ఊపిరాడక టకటకమనేది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సైకిళ్లవాళ్లు మమ్మల్ని దాటుకుంటూ జాలిగా చూసేవారు.

కొత్తది దొరకలేదు. కశ్మీరీ గేట్ స్పేర్‌పార్టుల దుకాణాలన్నీ మావయ్యగారు నెల రోజులు కాళ్లరిగేలా తిరిగారు. ఇక మిగిలిన దారి పాతదాన్నే మళ్లీ గ్రైండింగ్ చేయించడం. సరిగ్గా అప్పుడే ఆయనకి కంట్లో శుక్లం తీశారు. దుమ్ములోకి వెళ్లకూడదన్నారు. 'లేత్ షాపు పిల్లవి, నీకన్నా నమ్మకస్తులు ఎవరమ్మా' అని పని నాకు అప్పగించారు. ఒక చీటీ కూడా రాసిచ్చారు. ఒరిజినల్ కొలత ప్రకారమే చేయవలెను, ఎటువంటి మార్పూ అక్కరలేదు. కింద సంతకం. ఇంట్లో పాలవాడికి రాసే చీటీకి కూడా సంతకం పెట్టే మనిషి ఆయన.

ఆ చీటీ నేను ఎవరికీ చూపించలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మాయాపురిలో ఒక గ్రైండింగ్ షాపు. ఉస్తాద్ అరవై ఏళ్ల మనిషి, చేతులు మోచేతుల దాకా నల్లగా. గోడకి మేకులు, మేకులకి ఇనప అచ్చులు. ఏ అచ్చు మిషనుకి ఎక్కిస్తే గుబ్బ ఆ ఆకారంలో అరుగుతుంది. ఆయన మూడు అచ్చులు కిందికి దించి నా ముందు పెట్టి పేర్లు చెప్పాడు. బాబూజీ వాలా, షౌకీన్ వాలా, పాగల్ వాలా. పెద్దమనుషులది, సరదా ఉన్నవాళ్లది, పిచ్చివాళ్లది. మొదటిది కంపెనీ కొలత. రెండోది పెడితే వాల్వు ఇంకొంచెం ఎత్తుగా, ఇంకొంచెంసేపు తెరుచుకుంటుంది. దాని గురించి ఆయనన్న మాట నాకింకా చెవిలో ఉంది. 'నీచే సోయేగీ, ఊపర్ నాచేగీ.' నెమ్మదిగా ఉన్నప్పుడు నిద్రపోతుంది, వేగం అందుకుంటే నాట్యం చేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు వణుకుతుంది, అదీ చెప్పాడు. దాచలేదు. దాచింది నేను.

'గాడీ కిస్‌కీ హై, బేటీ?' అని అడిగాడు. బండి ఎవరిదమ్మా అని.

నాది అన్నాను.

ఒక్క మాట. నా తప్పంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మిగతాదంతా దాన్ని కప్పుకుంటూ రావడమే. ఎందుకన్నాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అప్పటికి ఢిల్లీ వచ్చి ఆరేళ్లు. నోయిడాలో ఆఫీసు, క్యాబులో పోవడం రావడం, రోజంతా తెర మీద గళ్లు నింపడం. నాన్న లేత్ షాపు అమ్మేసి మూడేళ్లయింది. ఆ రోజు ఉస్తాద్ షాపులో కటింగ్ ఆయిల్ వాసన తగిలేసరికి స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను. ఇనుము ముందు కూర్చోబెట్టి 'నీకేది కావాలి' అని ఎన్నాళ్లకో ఒక మనిషి నన్ను అడిగాడు. నా జేబులో ఇంకొకరికి ఏది కావాలో రాసి ఉన్న చీటీ ఉంది. చెయ్యి జేబులోకి వెళ్లింది, కాగితాన్ని తాకింది, ఖాళీగా బయటికి వచ్చింది, ఆ వచ్చిన చెయ్యే మధ్యలో అచ్చుని చూపించింది.

పిచ్చివాళ్లది తీసుకోలేదు. అంతవరకు నాకు మర్యాద ఉందని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పుకున్నాను. గ్రైండింగ్ అంటే ఇనుము తీయడమేగానీ కలపడం కాదు. గుబ్బకి చుట్టూ తీసేస్తారు, ముక్కు దగ్గర తక్కువ తీస్తారు, దాంతో ముక్కు ఎత్తు పెరుగుతుంది. కాబట్టి కడ్డీ అదే, ఇనుము అదే, బయటిదేదీ చేరలేదు, మావయ్యగారి కారులో ఉన్నది మావయ్యగారి ఇనుమే. ఎంత చక్కటి వాదన చూడండి. ఏ కోర్టులోనైనా ఓడిపోతుంది.

మిస్త్రీ కారులో బిగించాడు, వాల్వుల సందు సరిచూసే ట్యాపెట్లు నేనే దగ్గరుండి సరిచేయించాను. మావయ్యగారి కంటికి గాగుల్స్ పెట్టి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. మహిపాల్‌పూర్ దాకా కారు బుద్ధిగా, కొంచెం మొద్దుగా నడిచింది. ఫ్లైఓవర్ మొదట్లో మూడో గేరు వేసి యాక్సిలరేటర్ నొక్కాను.

లేచింది. ఎలా చెప్పను మీకు. కింద నుంచి ఎవరో భుజాన ఎత్తుకున్నట్టు లేచింది. ఇంజిన్ గొంతే మారిపోయింది. పైకెక్కుతూ ఒక కొత్త కారుని దాటాం, రెండోదాన్ని దాటాం. మావయ్యగారు రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని, నల్లటి గాగుల్స్‌తో, పకపకా నవ్వుతున్నారు. పెళ్లయి అన్నేళ్లలో ఆయన పళ్లు అన్నీ కలిసి కనపడటం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. కళ్లమ్మట నీళ్లు వచ్చేలా నవ్వాను. ఫ్లైఓవర్ దిగి, యూటర్న్ తీసుకుని, మళ్లీ ఎక్కాం. ఆ రోజు ఐదుసార్లు ఎక్కాం.

'కంపెనీ కొలత అంటే ఇదమ్మా, కొత్తలో అచ్చం ఇలాగే పోయేది' అన్నారాయన.

అప్పుడు చెప్పాల్సింది. నిజంగా అప్పుడు చెప్పేస్తే సరిపోయేది, బహుశా ఆరోసారి కూడా ఎక్కేవాళ్లం. కానీ ఆయన మొహం చూసి చెప్పలేదు. ఆయన సంతోషం పాడుచేయడం ఇష్టంలేక అని అనుకున్నాను. ఇప్పుడైతే అలా అనుకోను. నా సంతోషం పాడవుతుందని.

ఆదివారం వచ్చింది. గ్లాసు వచ్చింది.

నీళ్లు పొర్లాయి. మావయ్యగారు స్క్రూ తిప్పారు. వణుకు తగ్గలేదు. ప్లగ్గులు మార్చారు. ఇంకో ఆదివారం కార్బురేటర్ విప్పి కడిగారు. ఇంకో ఆదివారం నిప్పురవ్వనిచ్చే పాయింట్లు అరగదీశారు. ఐదు ఆదివారాలు. ఐదో వారం సర్దార్జీ కూడా ఆగడం మానేశాడు, కూరగాయలతను మాత్రం మొహమాటానికి నిలబడ్డాడు. మధ్యలో మావయ్యగారు ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. అన్నీ వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారట. ఆ 'వయసుకి' అన్న మాట ఒక్కటే ఆయన ఇంటికి తెచ్చుకున్నారు.

ఆరో ఆదివారం నన్ను కిందికి పిలిచారు. స్క్రూడ్రైవర్ శుభ్రంగా తుడిచి, జేబురుమాల్లో పెట్టి నాకు అందించారు.

"అమ్మాయ్, ఇది నువ్వు పుచ్చుకో."

"నాకెందుకు మావయ్యగారూ?"

"నా చెవి పోయిందమ్మా. ఇంజిన్‌కి ఏ లోపమూ లేదు. కంపెనీ కొలతకే చేయించుకొచ్చావు, రోడ్డు మీద చూశాంగా ఎలా పోతోందో. మరి నీళ్లెందుకు కదుల్తున్నాయి? లోపం ఇదిగో, ఈ చేతిలో ఉంది."

"అదేం లేదండీ, కొన్నాళ్లు పోతే సర్దుకుంటుంది."

"డెబ్బై వస్తున్నాయి. ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా ఇలాగే కెలుకుతూ కూర్చుంటే బండి పాడైపోద్ది."

లేని తప్పుని ఆ మనిషి ఎంత సుళువుగా ఒప్పుకున్నారో చూశారా. ఉన్న తప్పు చేతిలో పెట్టుకుని నేను స్క్రూడ్రైవర్ పుచ్చుకున్నాను.

ఆ తర్వాత చేసింది ఇంకా సిగ్గుచేటు. క్యామ్ సంగతి నాకు తెలుసు గనక, ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు తిరిగే వేగం కాస్త పెంచాను. అలా పెంచితే ఆ రకం క్యామ్ వణుకు తగ్గుతుంది. అంతేకాదు, గ్లాసులో నీళ్లు ముప్పావు వంతే పోశాను. నీళ్లు దాదాపు నిలబడ్డాయి. మావయ్యగారు చప్పట్లు కొట్టారు. 'చూశావా, నీ చేతిలో ఉంది' అన్నారు. అత్తయ్యగారిని బాల్కనీలోకి పిలిచి చూపించారు. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పారు. తన చెయ్యి పోయిందని నేనిచ్చిన సాక్ష్యానికి ఆయన అంత సంబరపడ్డారు.

అప్పట్నుంచి ఆదివారాలు నావి. నేను బానెట్ కింద, ఆయన ప్లాస్టిక్ కుర్చీలో. అల్లం టీ, రస్కులు, ఆఫీసు రోజుల కబుర్లు. ఆర్.కె. పురంలో ఫైళ్ల మధ్య తేలు దొరికిన కథ నేను నలభై సార్లు విన్నాను, ప్రతిసారీ తేలు కొంచెం పెరిగేది. ట్యాపెట్లు ఎలా సర్దాలో నాకు తెలిసినా ఆయన చేత చెప్పించుకునేదాన్ని. మా పాప ఆ ఇంజిన్ చప్పుడుకే ఉయ్యాల్లో నిద్రపోయేది. ఇప్పుడు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే వయసొచ్చింది, అయినా ఆదివారం మాత్రం 'తాతయ్యా, చలో గాడీ' అంటుంది. ఢిల్లీలో పాత బళ్లు రోడ్డెక్కకూడదని నిబంధన వచ్చాక ఫ్లైఓవర్లు ఎక్కడం తప్పిపోయింది, పార్కింగులో స్టార్ట్ చేయడంతోనే సరి. అయినా ఆ గంట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఇక్కడే నాకు తెగదు. ఆ స్క్రూడ్రైవర్ నా చేతికి రాకపోతే ఈ ఆదివారాలు ఉండేవా? నేను బాల్కనీలో కాఫీ కప్పుతోనే ఉండిపోయేదాన్నేమో. ఆయన నాకు మావయ్యగారిలాగే ఉండిపోయేవారేమో, స్నేహితుడయ్యేవారు కాదేమో. అంటే నేను దొంగిలించిన దాంట్లోంచి నాకింత ప్రేమ దొరికింది. ఆయన పోగొట్టుకున్నదాని మీద కుర్చీ వేసుకుని ఇద్దరం టీ తాగాం. ఆయనకి మాత్రం ఆ సంగతి తెలియదు.

పోయిన వారం ఆఫీసు పనిమీద బెంగుళూరు వెళ్లి, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. గేటు దగ్గర ఆటో దిగితే మావయ్యగారు కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. కారుకి కవరు తీయలేదు. పక్కన గ్లాసు బోర్లించి ఉంది. పొద్దుటి నుంచీ అలాగే ఉన్నారట. స్టార్ట్ చేయకపోయారా అన్నాను. 'నువ్వు లేకుండా ముట్టుకుంటే చెడగొడతానేమోనని' అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఇంజిన్ చప్పుడు విని ఏ స్క్రూ వదులో చెప్పగలిగిన మనిషి, తన కారు తాళం తిప్పడానికి భయపడుతున్నారు. నా వల్ల. ఎనభై ఒకటి ఆయనకి.

మళ్లీ ఆదివారం దాకా ఆగాను.

ఈ ఉదయం చెప్పేశాను. పెద్ద ఏర్పాట్లేమీ చేయలేదు. చీటీ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఇది ఉస్తాద్‌కి ఇవ్వలేదండీ అన్నాను. మూడు అచ్చుల సంగతి, నాది అన్న మాట, ఇంజిన్ వేగం పెంచిన సంగతి, ముప్పావు గ్లాసు సంగతి, అన్నీ వరసగా చెప్పాను. మీ చెయ్యి ఎప్పుడూ పోలేదండీ, ఆ క్యామ్‌తో కంపెనీ ఇంజనీరు వచ్చినా ఆ నీళ్లు నిలబెట్టలేడు అన్నాను. చెబుతున్నకొద్దీ తేలికైపోయాను, అది కూడా సిగ్గుగానే అనిపించింది. ఆయన ముందు నిలబడి నేను తేలికపడుతున్నాను, ఆయన మొహంలో ఏముందో తెలియడం లేదు.

ఆయన చీటీ విప్పి చదువుకున్నారు. తన సంతకం చాలాసేపు చూసుకున్నారు. ఫర్వాలేదమ్మా అనలేదు. ఎందుకిలా చేశావనీ అనలేదు. అత్తయ్యగారు టీ పెడితే ముట్టుకోలేదు. చెయ్యి చాచారు. స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ చేతిలో పెట్టాను. నావైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు. నన్ను రమ్మనలేదు.

అది జరిగి రెండు గంటలయింది. బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన నన్ను క్షమిస్తారో లేదో నాకు తెలియదు. అడగను కూడా. పన్నెండేళ్ల ఆదివారాలు ఆయనవి, వాటి వెల ఎంతో ఆయనే తేల్చుకోవాలి. కింద ఇంజిన్ నడుస్తోంది. నేను పెంచి ఉంచిన వేగాన్ని ఆయన తగ్గించేశారు. వణుకుతోంది, ఆగబోతోంది, మళ్లీ అందుకుంటోంది. నా కన్నా ఓపిగ్గా, నా కన్నా నెమ్మదిగా వింటున్నారు. ఎదురు బ్లాకు సర్దార్జీ చేతికర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మా పాప కుర్చీ ఎక్కి చూస్తోంది. ఇక్కడి నుంచి నాకు మావయ్యగారి వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ క్యామ్‌తో నీళ్లు నిలబడవని చెప్పానా, ఆయన విన్నట్టు లేరు.

ఇంతలో పాప గ్లాసు పట్టుకుని పైకి పరుగెత్తుకొచ్చింది. ఇది మూడోసారి, ముందు రెండుసార్లూ అత్తయ్యగారే నింపి పంపారు. నీళ్లు మళ్లీ పొర్లిపోయాయట. తాతయ్య ఇంకో గ్లాసు నీళ్లు పంపమన్నారట. నేను అలవాటుగా ముప్పావు దాకా పోసి ఆపాను. పాప తల అడ్డంగా ఊపింది.

"ఐసే నహీ, మమ్మీ. తాతయ్య అంచు దాకా అన్నారు."

పోశాను. మెట్ల మీద ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని దిగమన్నాను.